పదహారు కిలోల అనుమానం

కాకినాడ నుంచి మదనపల్లె, పుంగనూరు, కుప్పం చూసొద్దామని సరదాగా బయల్దేరినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. నేనూ సరదాకి వెళ్ళలేదు. దొంగను పట్టుకోవడానికి వెళ్ళాను. తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాడిని. తక్కెడ కనబడితే పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించారేమోనని చెయ్యి పెట్టి చూసే అలవాటు ఇంకా పోలేదు. నన్ను కూరగాయల బజారుకి వెంట తీసుకెళ్ళడం మా ఆవిడ మానేసి చాలా ఏళ్ళయింది.

నా మేనల్లుడు సుధాకర్ చెన్నైలో ఎగుమతి వ్యాపారం చేస్తాడు. కుప్పం దగ్గర పన్నెండు మంది ఆడవాళ్ళు ఒక షెడ్డు వేసుకుని టమాటా ముక్కలు ఎండబెట్టి ప్యాకెట్లు కడుతున్నారు. వాళ్ళ సరుకు గల్ఫ్‌కి పంపింది వీడే. మొదటి విడత రెండు వేల ప్యాకెట్లు, ఒక్కోటి రెండు వందల గ్రాములు. అక్కడి రేవులో తూస్తే కాగితం మీద రాసినదాని కంటే పదహారు కిలోలు ఎక్కువ తూగింది. కాగితానికీ సరుకుకీ పొంతన లేదని ఆపేశారు. అక్కడ కొన్న షావుకారు ఇందులో ఏదో కల్తీ ఉందన్నాడు.

"మామయ్యా, నువ్వొకసారి వెళ్ళి చూసిరా," అన్నాడు సుధాకర్. "ఆ పదహారు కిలోలు ఎక్కడివో తేలితే రెండో ఆర్డరు ఇస్తామంటున్నారు. తేలకపోతే ఆ మునెమ్మ షెడ్డు మూసుకోవాల్సిందే. అందరూ మళ్ళీ బెంగుళూరు రైలెక్కుతారు."

మునెమ్మ ఆ ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆమె, మిగతా ఆడవాళ్ళు షెడ్డు పెట్టకముందు తెల్లవారుజామున కుప్పంలో రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, ఇళ్ళు కట్టేచోట ఇటుకలు మోసి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవారట. పిల్లల్ని వెలుతురులో చూసింది ఆదివారాలేనట. ఆ మాటకి నేను పెద్దగా కరగలేదు. నా సర్వీసులో తప్పు చేసిన ప్రతివాడి వెనకా ఒక జాలికథ ఉంది. ఎండు సరుకు బరువు పెరిగిందంటే నాకు తెలిసిన కారణం ఒక్కటే, తడి. పత్తికి నీళ్ళు చల్లినవాళ్ళని, మిరపకాయల బస్తాకి తడిగోనె చుట్టినవాళ్ళని చూశాను. సంచిలో చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఇత్తడి రాళ్ళ పెట్టె సర్దుకుని జూన్ మొదటి వారంలో బయల్దేరాను.

మదనపల్లె

మా ఊళ్ళో ఆ నెలలో పొద్దున ఎనిమిదింటికే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. మదనపల్లెలో బస్సు దిగితే చల్లటి గాలి కొట్టింది. ఎవరో ఏసీ తలుపు తెరిచి మర్చిపోయారేమో అనిపించింది. బస్టాండు ఎదురుగా టీకొట్టు. నడుపుతున్న ఆవిడకి నాకంటే పదేళ్ళు తక్కువ ఉంటాయి. "ఏమప్పా, టీనా, కాఫీనా?" అంది.

నాకు చుర్రుమంది. మా వైపు నా వయసువాణ్ణి 'ఏమండీ' అనకుండా పలకరించిన కొట్టువాడు లేడు. నా తర్వాత మెడలో టై కట్టుకున్న ఆయనొకడు వచ్చాడు. ఆయన్నీ 'ఏమప్పా' అనే అంది. ఆ తర్వాత వచ్చిన కానిస్టేబుల్నీ అంతే. అప్పుడు నా కోపం దిగింది. టీ పది రూపాయలు. గ్లాసు నిండుగా పోసి, నేను సగం తాగాక అడక్కుండానే మరికాస్త పోసింది. ఎందుకా అనుకున్నాను. కొత్తమనిషిని చూసి రెండో గ్లాసుకి కూడా డబ్బులు అడుగుతుందని సిద్ధంగా ఉన్నాను. పది రూపాయలే తీసుకుంది. ఆ విషయం నేను మళ్ళీ ఆలోచించలేదు.

టమాటా యార్డులో ఎటు చూసినా ప్లాస్టిక్ డబ్బాలు, వాటిలో ఎర్రటి కాయలు. వేలంపాట పాడేవాళ్ళు డబ్బాల వరసల మధ్య నడుస్తూ పాడుతుంటే కొనేవాళ్ళు వెనకాలే గుంపుగా నడుస్తున్నారు. నేను నిలబడ్డ మండీలో, అంటే కమీషను కొట్టులో, కళ్ళు చించుకుని వెతికినా కాటా కనబడలేదు. ఇంత పెద్ద బజారు బరువు చూడకుండా నడుస్తోందా అని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మండీ యజమాని రెడ్డెప్పని పట్టుకున్నాను. తెల్లచొక్కా, చెవి మీద పెన్ను, ఎవరితో మాట్లాడుతున్నా కళ్ళు డబ్బాల మీదే.

"కాటా యాల సార్? డబ్బాకు పాట. ఈడ కాయను సూసి పాడతారు," అన్నాడు.

ప్రతి డబ్బాలోనూ కాయలు అంచు దాటి గోపురంలా పైకి పోసి ఉన్నాయి. "అంచుకి సమానంగా పోస్తే సరిపోదా?" అని అడిగాను.

"అట్ల పోస్తే ఎవురూ పాడరు సార్. ఆయప్ప పిసినారోడని పేరు పడతాది. నెల దినాలు ఆయప్ప డబ్బా ముందర నిలబడేవాడుండడు."

నా డైరీలో 'రైతు నష్టపోతున్నాడు, విచారించాలి' అని రాసుకున్నాను. తర్వాత మెల్లగా మునెమ్మ సంగతి తీశాను.

"ఆయమ్మ తెలీకేమి సార్! వారానికొక తూరి చిన్న లారీ తోలుకోని వస్తాది. పాట అయిపోయినాక మిగిలిన మెత్తకాయ ఏరుకోని కొంటాది. రేటు అగ్గవ గదా."

"మెత్తకాయలో నీళ్ళు ఎక్కువుంటాయా?"

"టమాటాలో నీళ్ళు గాక ఇంకేముంటాయి సార్?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నాకు నవ్వు రాలేదు. కేసు తేలిపోయింది అనుకున్నాను. యార్డు గేటు దగ్గరే నిలబడి సుధాకర్‌కి ఫోను చేశాను. మెత్తకాయ చవగ్గా కొంటున్నారనీ, సరిగ్గా ఆరకుండానే ప్యాకెట్లు కట్టేస్తున్నారనీ, బరువు అందుకే పెరిగిందనీ చెప్పాను.

"ఖాయమా మామయ్యా? షెడ్డు చూశావా?"

"ఎల్లుండి చూస్తాను. చూడకపోయినా ఇదే. ముప్పై రెండేళ్ళ అనుభవంరా."

"వాళ్ళు రోజూ అడుగుతున్నారు. చెప్పేయమంటావా?"

"చెప్పెయ్," అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం హోటల్లో మూడు రకాల టమాటా పచ్చళ్ళతో భోజనం చేశాను. మూడూ బాగున్నాయి. కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాను.

పుంగనూరు

పుంగనూరు వెళ్ళినవాడు పొట్టి ఆవుని చూడకుండా వస్తే ఊళ్ళో పరువు పోతుంది. చలపతి అనే ఆయన ఇంటి ముందు ఒకటి కట్టేసి ఉంది. నా నడుము దాకా కూడా లేదు. అది చూడగానే నాకు అనుమానం వచ్చింది. దూడని చూపించి ఆవంటున్నాడేమో? కొమ్ములు చూశాను, పొదుగు చూశాను, జేబులో టేపు ఉంటే తీశాను.

"దూడ గాదు సార్! రెండు ఈతలు ఈనింది!" అని చలపతి టేపుకి అడ్డంగా నిలబడ్డాడు. నన్ను పశువుల ఆఫీసు మనిషి అనుకున్నాడు. కాదని చెప్పాక కొనేవాడిననుకుని పక్కనే కూచోబెట్టి నీళ్ళిచ్చాడు. అదీ కాదని తేలాక ఫోటోకి యాభై రూపాయలు అడిగాడు. పాలెన్ని ఇస్తుందని అడిగితే నా వైపు జాలిగా చూశాడు.

"పాలకు ఎవురు కొంటారు సార్? పట్నంలో పెద్దోళ్ళు ముద్దుకు కొంటారు. ఎత్తు ఎంత తగ్గితే రేటు అంత ఎక్కవ. మా నాయన కాలంలో దీన్ని ఎవురూ అడిగింది లేదు."

మా వైపు ఆవు ధర పాలచెంబుని బట్టి. ఇక్కడ తగ్గిన ప్రతి అంగుళానికీ ధర పెరుగుతుంది. ఇన్నాళ్ళూ తక్కువ కొలిచినవాళ్ళకి జరిమానాలు వేసిన నాకు ఆ వ్యాపారం మింగుడుపడలేదు. యాభై రూపాయలు ఇవ్వకుండా వచ్చేశాను.

అసలు పని ఖాదర్ బాషాతో. మునెమ్మ వాడే డ్రయ్యరు చేసింది ఆయనే అని సుధాకర్ చెప్పాడు. బైపాసు వైపు వెల్డింగు షాపు. పైన బోర్డు లేదు. బోర్డు లేని షాపంటే నా సర్వీసులో సగం కేసులు. ఖాదర్ బాషా కళ్ళకున్న నల్లద్దాలు పైకెత్తి, తన డ్రయ్యరు చూపించాడు. ఇనప చట్రం, పైన మందపాటి ప్లాస్టిక్ పట్టా, లోపల జల్లెడల్లాంటి పళ్ళేలు. అన్నీ ఒకవైపు వాలుగా ఉన్నాయి.

"వంకరగా వెల్డింగు చేశావేం?" అన్నాను.

"వంకర గాదు సార్. ఆషాఢం గాలి ఈ పక్క నుంచి కొడతాది. వాలు పెడితే గాలి లోపల దూరి, కాయను ఆరబెట్టి ఆ పక్క పోతాది. సబ్సిడీ లిస్టులో ఉండే డ్రయ్యరు బీరువా మాదిరి నిటారుగా ఉంటాది. మా పక్క గాలికి రెండు తూర్లు బోర్లపడింది."

"మరి నీది లిస్టులో ఎందుకు లేదు?"

"కంపెనీ ఉండల్లంట. లెటరు కాగితం మీద కొటేషను ఇయ్యల్లంట. ముందర బోర్డు ఉండల్లంట. బోర్డు పెట్టుకుంటే ఆఫీసోళ్ళు వస్తారు సార్," అన్నాడు, నన్నే చూస్తూ. "మునెమ్మ నెల దినాలు ఆ బీరువా వాడి, సబ్సిడీ వద్దనుకోని నా దగ్గరికి వచ్చె."

ఆయన అబద్ధం చెబుతున్నాడేమోనని పట్టా కిందకి చెయ్యి పెట్టి చూశాను. ఆ సాయంత్రపు గాలి పళ్ళేల మధ్య నుంచి నా వేళ్ళకి తగిలింది.

"కాయ పూర్తిగా ఆరాకే ప్యాకెట్టు కడతారా?" అని అడిగాను.

"ఆయమ్మా? పళ్ళెం ఎత్తి సెవి దగ్గర ఆడించి సూస్తాది. గలగలమని శబ్దం రాకుంటే మళ్ళా ఎండలో పెట్టేస్తాది. ఒక తూరి నాకే కోపం వచ్చింది, సాలు తల్లీ అంటే ఇనదు."

చెవితో తేమ కొలవడం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. కానీ గలగలలాడే ముక్కలో తడి ఉండదని తెలుసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. అక్కడే నాకు నిన్నటి ఫోను గుర్తొచ్చింది. సుధాకర్‌కి 'తొందరపడకు, ఇంకా చూడాలి' అని చెబుదామని ఫోను తీశాను. చెబితే నిన్నటి మాట తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. మేనల్లుడి ముందు అంత పలచనైపోవడమా అనిపించింది. షెడ్డు చూశాకే చెబుదాంలే అని ఫోను జేబులో పెట్టేశాను. ఈ మొత్తం ప్రయాణంలో నేను చేసిన పనుల్లో సిగ్గుపడేది ఇదే.

పలమనేరు మీదుగా

మర్నాడు పలమనేరులో బస్సు మారాను. మామిడికాయల బుట్టలు, పాలక్యాన్లు, వాటి మధ్య మనుషులు. బస్సు కుదుపుకి పైనున్న నా సంచి జారి, కింద కూచున్న ఒకావిడ చామంతి పూల గంపలో పడింది. ఇత్తడి రాళ్ళు కదా, పూలన్నీ నలిగాయి.

"ఏముండాది అప్పా దీంట్లో, బంగారమా?" అని ఆవిడ సంచి ఎత్తబోయి ఎత్తలేకపోయింది. నేను పెట్టె తెరిచి రాళ్ళు చూపించాను. బస్సంతా ఒక్క క్షణం గప్‌చుప్. ముందు సీట్లో అరటిపళ్ళు తూచి అమ్ముతున్నాయన తక్కెడని కాళ్ళ కిందకి నెట్టేశాడు. నాకిన్నాళ్ళూ గర్వంగా ఉండే నిశ్శబ్దం అది. ఆ రోజు ఎందుకో నచ్చలేదు. పూలావిడకి వంద రూపాయలిస్తే వద్దంది. నలిగిన పూలు తీసి చూసి, "మాలకు వస్తాయిలే," అని పక్కకి జరిగింది.

వి.కోట దాటాక ఎవరి మాటలో ఏ భాష ఉందో తెలియదు. ఒకే మనిషి కండక్టరుతో కన్నడం, ఫోనులో అరవం, పక్కవాడితో తెలుగు మాట్లాడతాడు. నా కోస్తా తెలుగు వినగానే అందరూ ఒకసారి తిరిగి చూశారు.

కుప్పం

షెడ్డు ఊరి బయట. రేకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, ముందు వరసగా ఖాదర్ బాషా డ్రయ్యర్లు ఆరు. మునెమ్మకి నలభై దాటి ఉంటాయి. కొంగు నడుముకి బిగించి ఉంది. అరచేతులు ఇటుకలు మోసి మోసి గట్టిపడి ఉన్నాయి.

"రండి సార్. సుధాకర్ సార్ సెప్పినాడు. ఎండలో వచ్చినారు, ముందు తినండి."

తనిఖీకి వెళ్ళిన చోట మంచినీళ్ళు తప్ప ముట్టకపోవడం నా నియమం. వద్దన్నాను.

"తినకుంటే కాటా సూపీను," అంది. పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. రాగిసంగటి ముద్ద, పక్కన ఊరుబిండి అని వేరుశనగ పచ్చడి. మా ఇంట్లో అన్నం తప్ప వేరేది పెడితే నేను అలుగుతాను. అలాంటిది రెండు ముద్దలు తిన్నాను. తింటున్నంతసేపూ ఇది లంచమా కాదా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

తర్వాత పని మొదలెట్టాను. వాళ్ళ కాటా మీద నా ఇత్తడి రాళ్ళు పెట్టి చూశాను. గ్రాము తేడా లేదు. ఒక ముక్క విరిచాను, పెళుక్కున విరిగింది. తడి లేదు. కట్టి పెట్టిన ప్యాకెట్లలో నలభై తీసి తూచాను. ఒక్కటి కూడా రెండు వందలు లేదు. రెండు వందల ఆరు, రెండు వందల తొమ్మిది, రెండు వందల పదకొండు. కాటా సరైనదే, సరుకు ఎండినదే, బరువు మాత్రం ఎక్కువ. నా బుర్ర పనిచెయ్యలేదు. సర్వీసు మొత్తంలో తక్కువ తూచినవాళ్ళని వందలమందిని పట్టుకున్నాను. ఎక్కువ తూచినవాడిని ఎలా పట్టుకోవాలో నాకెవరూ నేర్పలేదు.

గోడవారన కుర్చీ వేయించుకుని, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. ప్యాకెట్లు కడుతున్నది శాంతి అనే అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. కాటా మీద ప్యాకెట్టు పెట్టింది. ముక్కలు వేసింది. సరిగ్గా రెండు వందల దగ్గర ఆపింది. ఎంత ఒడుపైన చెయ్యి అని మెచ్చుకోబోతున్నాను. అప్పుడు ప్యాకెట్టుని కాటా మీద నుంచి దించి, పక్క కుప్పలోంచి మూడువేళ్ళతో మరికాసిని ముక్కలు తీసి లోపల వేసి, మూతి అతికించేసింది. తర్వాతి ప్యాకెట్టూ అంతే. పక్కనున్న ముగ్గురూ అంతే. వాళ్ళకి ఆ పని చేస్తున్నట్టే తెలియడం లేదు.

"ఏంటమ్మా అది? తూచాక మళ్ళీ వేస్తున్నావు?" అని లేచాను.

శాంతి నా వైపు వింతగా చూసింది. "కొసరు సార్."

మా ఊరి బజారులోనూ కొసరు వేస్తారు. వంకాయలు తూచాక పైన ఒకటి పడేస్తారు. అది ఎదురుగా ఉన్న మనిషికి. ఓడెక్కి పోయే ప్యాకెట్టుకి ఎవరైనా కొసరు వేస్తారా? మునెమ్మని పిలిచి అదే అడిగాను.

"తూకానికి తూకం పెట్టిస్తే బాగుంటాదా సార్? మొదటి తూరి కొంటాండారు. మా పేరు ఏసి ఉండాది ప్యాకెట్టు మీద. దూరదేశమోళ్ళు ఇప్పి సూసి, కుప్పమోళ్ళు పిసినారోళ్ళు అనుకోకూడదు గదా."

"ఆ కొసరే మీ సరుకుని ఆపేసింది. పదహారు కిలోలు ఎక్కువొచ్చిందని అక్కడ లెక్క కుదరలేదు. ఇందులో ఏదో దాచారనుకున్నారు."

ఆడవాళ్ళు పని ఆపేశారు. "ఎక్కవ ఇస్తే దొంగలంటారా?" అని శాంతి గట్టిగానే అంది.

ఉపాయం నాకు తట్టింది. ప్యాకెట్టు మీద రెండు వందల పది గ్రాములని అచ్చు వేయించండి, ఇక గొడవే ఉండదు అన్నాను. మునెమ్మ కాసేపు ఆలోచించింది. "అచ్చేస్తే అది తూకం అయిపోతాది గదా సార్. మళ్ళా దానిపైన కొసరు ఎయ్యల్ల," అంది. ఆమె వేళాకోళం ఆడడం లేదు. ఆమె చెప్పిందాంట్లో తప్పు ఎక్కడుందో నేను ఎంత వెతికినా దొరకలేదు. కాస్సేపటికి ఆమే తేల్చేసింది. "సరే సార్. వాళ్ళ పద్ధతి వాళ్ళది. రేపటి నుంచి కొసరు ఎయ్యము. ఆర్డరు రావల్ల, అదే మాకు కావల్సింది."

నా ప్రాణం లేచొచ్చింది. కేసు ఇంత బాగా తేలడం నా సర్వీసులో లేదు. ఆ సంతోషంతో, వాళ్ళందరి ఎదురుగానే సుధాకర్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టాను. కొసరు సంగతంతా గడగడా చెప్పాను.

"మామయ్యా, తడిసరుకని ఆ రోజే రాసేశాను కదా. పొద్దున జవాబొచ్చింది. ఆర్డరు వద్దన్నారు. వేరే దేశంలో చూసుకుంటారట."

షెడ్డులో అందరూ విన్నారు. మునెమ్మ నన్ను చూసింది. "తడిసరుకని ఎవురన్నారు సార్?" అంది.

"నేనే," అన్నాను. "ఎప్పుడు?" అంది. "మదనపల్లెలో. మీ షెడ్డు చూడకముందు."

తిట్టుంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ఒకావిడ లేచి బయటికెళ్ళి డ్రయ్యరు పట్టా సర్దుతున్నట్టు నిలబడిపోయింది. మునెమ్మే కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. "మీరు సెప్పిన మాట మీరే తీసేయల్ల సార్. రాయండి. రాసి మాకు సదివి ఇనిపించి పంపండి."

నా జీవితంలో ఎన్నో రిపోర్టులు రాశాను. ఒక్కటి కూడా ఎవరి మీద రాశానో వాళ్ళకి చదివి వినిపించలేదు. రాశాను. నేను చూడకుండా చెప్పాననీ, సరుకు పూర్తిగా ఎండినదనీ, కాటా సరైనదనీ రాశాను. ఎక్కువ బరువుకి కారణం రాయాల్సిన చోట పాత అలవాటు కొద్దీ 'నిర్లక్ష్యం వలన' అని రాశాను. చదువుతుంటే మునెమ్మ అక్కడ ఆపింది.

"నిర్లచ్చెం గాదు సార్. తెలిసే ఏసినాము, మర్యాదకు ఏసినాము. ఆ మాట కొట్టేయండి."

కొట్టేశాను. నా పాత హోదా, సంతకం పెట్టి ఫోటో తీసి సుధాకర్‌కి పంపాను. 'పంపిస్తాను, చూద్దాం,' అని ఒక ముక్క జవాబొచ్చింది.

స్టేషను

మర్నాడు తెల్లవారుతుండగా, బెంగుళూరు వెళ్ళి అక్కణ్ణుంచి కాకినాడ రైలెక్కుదామని కుప్పం స్టేషనుకి వచ్చాను. ప్లాట్‌ఫాం నిండా జనం, అందరి చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. పెట్టెలోకి తోసుకుని ఎక్కాక చూస్తే కిటికీ దగ్గర శాంతి. ఆమె పక్కన షెడ్డులో చూసిన మరో నలుగురు. దిగిపోదామనుకున్నాను. అప్పటికే రైలు కదిలింది.

వాళ్ళే జరిగి నాకు చోటిచ్చారు. తిన్నారా సార్ అని ఒకావిడ అడిగింది.

"ఒక్కరోజైనా ఆగలేకపోయారా?" అన్నాను. "నిన్ననే కదా ఉత్తరం పంపాను. జవాబు రావచ్చు."

"ఆగితే మేస్త్రీ వేరేవాళ్ళను పెట్టుకుంటాడు సార్," అంది శాంతి. "నిన్న సాయంత్రమే ఫోను సేసి సెప్పేసినాము. మునెమ్మక్క రాలేదు. ఆరబోసిన కాయ ఉండాది గదా, దాన్ని ఇడిసిపెట్టి యాడికి వస్తాది?"

బయట పొలాల మీద వెలుతురు పడుతోంది. ఇలాంటప్పుడు ఏదో ఓదార్పు చెప్పాలి. నాకది చేతకాదు. ఈ ముక్క రాస్తున్న రోజుకీ గల్ఫ్ నుంచి జవాబు రాలేదు. సుధాకర్‌ని రోజూ అడుగుతున్నాను. రోజూ చూద్దాం అంటున్నాడు.

బంగారుపేట దాటాక శాంతి తన ఫోను తీసింది. "మళ్ళా ఆర్డరు వస్తే మాకు సెప్తారా సార్? మునెమ్మక్కకే గాదు, నాకు గూడా. తెలిస్తే ఆ పొద్దే మేస్త్రీకి సెప్పేసి వచ్చేస్తాను."

"తప్పకుండా చెబుతాను," అని నా నంబరు చెప్పాను. ఒక్కో అంకె మెల్లగా నొక్కుకుంది. నొక్కి, పేరు రాసుకోలేదు, ఫోను మూయలేదు. ఆకుపచ్చ బొమ్మ నొక్కి, నా చొక్కా జేబు వైపు చూస్తూ కూర్చుంది. జేబులో నా ఫోను మోగేదాకా ఆమె చూపు తిప్పలేదు.